టైల్స్ ఎంచుకునే ముందు చాంబర్ మూత తీయండి

మా హాలు గోడకి నేల నుంచి మూరెడు ఎత్తు వరకు ఎప్పుడూ చెమ్మ ఉండేది. ఆ గోడకి అవతల బాత్‌రూమ్ లేదు, నీళ్ళ పైపూ లేదు. పెయింటర్ వచ్చి పెచ్చులు గీకి, వాటర్‌ప్రూఫ్ పుట్టీ పెట్టి రంగు వేశాడు. ఏడాది తిరక్కుండానే ఉప్పు పొంగినట్టు మళ్ళీ లేచింది. మళ్ళీ గీకాం. మూడోసారి ఇంకొకాయన గోడకి ప్లాస్టిక్ షీటు లాంటిది అంటించి దానిమీద రంగు వేశాడు. ఆ వానాకాలం చెమ్మ షీటు వెనకాలే పైకి పాకి, జానెడు పైన తేలింది.

ఆ గోడ పునాది పక్కనుంచే మా మోరి పైపు, అంటే మురుగు పైపు, వెళ్తోందన్న సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. తెలిసిన ఒక్క మనిషి నాన్న. ఆయన పోయి ఆరేళ్ళు.

ఇల్లు 1979లో కట్టింది, హైదరాబాదులో సైదాబాద్ వైపు. రెండేళ్ళ కిందట రిపేరు చేయిద్దామని కూర్చుని రాసుకున్న జాబితాలో వంటింటి గట్టు ఉంది, బాత్‌రూముల టైల్స్ ఉన్నాయి, కరెంటు వైరింగ్ ఉంది, హాలులో పాత షాబాద్ బండలు తీసేసి పెద్ద విట్రిఫైడ్ టైల్స్ వేయడం ఉంది. మోరి ఊసే లేదు. టైల్స్ షాపుల్లో నేనూ మా చెల్లీ రెండు ఆదివారాలు తిరిగాం. లేత గోధుమ రంగులో ఆరు రకాలు చూసి ఏది బాగుందో తేల్చుకోలేక ఇంటికొచ్చాం. ఆ బండల కింద ఏముందో చూడడానికి మాత్రం ఒక్క గంట కేటాయించాలని తోచలేదు.

తోచింది మేస్త్రీకి. పాలమూరు నుంచి ముప్ఫై ఏళ్ళ కిందట పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. బండలు లేపడం మొదలుపెట్టే రోజున నన్ను పక్కకి పిలిచి, "అక్కా, బండలెట్లాగూ లేపుతున్నం గదా, మోరి పైపు గూడ ఒకసారి చూద్దామా? కొత్త టైల్స్ ఏసినంక పగలగొట్టాలంటే మీకు పానం ఒప్పదు" అన్నాడు. ఆ ఒక్క మాట మా ఇంటిని కాపాడిందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. అందరికీ అలాంటి మేస్త్రీ దొరక్కపోవచ్చు.

ఆయన చేసిన పరీక్షకి పైసా ఖర్చు కాలేదు. గేటు దగ్గర చాంబర్‌లోకి (మోరిని తెరిచి చూడడానికి మూత పెట్టి కట్టిన చిన్న తొట్టి అది) వచ్చే పైపు మూతిని తడి గోనెసంచి చుట్టి గట్టిగా బిగించాడు. వెనక బాత్‌రూమ్ పక్కనున్న చాంబర్ నిండా నీళ్ళు పోయించి, గోడమీద ఇటుక ముక్కతో గీత గీశాడు. ఇంట్లో ఎవరూ కుళాయి తిప్పొద్దన్నాడు. టీ తాగి వచ్చేసరికి నీళ్ళు గీతకి జానెడు కిందికి దిగిపోయాయి. గేటు దగ్గర చుక్క కూడా బయటికి రాలేదు. మరి ఆ నీళ్ళన్నీ ఎటు పోయాయి? మా ఇంటి కిందికి. ఎన్నేళ్ళుగా పోతున్నాయో లెక్క లేదు.

మర్నాడు తవ్వారు.

రెండడుగుల లోతులో కనబడిన పైపుని చూసి మా అమ్మ, "ఇది మన ఊరగాయ జాడీ మట్టే కదే!" అంది. అచ్చం అలాగే ఉంది. ముదురు తేనె రంగు, పైన గాజులాంటి మెరుగు, వేలితో కొడితే ఖంగుమనే చప్పుడు. అమ్మ అన్నది నిజమే. మనం మట్టి పైపులు అనేవి కుండల మట్టివి కావు, జాడీల జాతికి చెందిన స్టోన్‌వేర్. బట్టీలో 1200 డిగ్రీల దాకా వేడెక్కించి కాలుస్తారు. పాత పద్ధతిలో ఆ వేడిమీద బట్టీలోకి మామూలు ఉప్పు విసిరేవారు. ఉప్పు ఆవిరై, అందులోని సోడియం మట్టిలోని సిలికాతో కలిసి పైన గాజు పొరలా పరుచుకుంటుంది. ఉప్పూ కారం పులుపూ నింపి ఏళ్ళ తరబడి ఉంచినా ఆవకాయ జాడీకి ఏమీ కాదు కదా. మురుగు, సబ్బు, యాసిడ్ పోసినా ఈ పైపుకి ఏమీ కాకపోవడానికీ అదే కారణం.

ఈ ఊళ్ళో మట్టి గొట్టాల సంగతి కొత్తది కూడా కాదు. గోల్కొండ కోట పైదాకా నీళ్ళు ఎక్కించడానికి కుతుబ్‌షాహీల కాలంలో వాడినవి మట్టి గొట్టాలే. 1908 సెప్టెంబరులో మూసీ ఊరిని ముంచేసిన తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినప్పుడు, ఆయన వరద ఆపే జలాశయాలతో ఊరుకోలేదు, నగరానికి భూగర్భ డ్రైనేజీ కూడా కావాలన్నాడు. తర్వాతి కాలంలో వెలిసిన కాలనీల్లో ఇంటి నుంచి వీధి దాకా మురుగు తీసుకెళ్ళింది చాలాచోట్ల ఈ స్టోన్‌వేర్ పైపులే. కాబట్టి మట్టి పైపు అనగానే నాసిరకం అనుకోవడం తప్పు. మా ఇంట్లో తీసిన 20 పైపుల్లో 17 చెక్కుచెదరలేదు. కడిగితే నిన్న కొన్నట్టున్నాయి.

పోయినవి అతుకులు. ఒక్కో పైపు పొడవు రెండడుగులు. మా బాత్‌రూమ్ నుంచి గేటు దాకా 40 అడుగులు. అంటే సుమారు 20 చోట్ల అతుకు. ఒక పైపు కొసని ఇంకో పైపు సాకెట్‌లోకి దూర్చి, సందులో జనపనార కూరి, పైన సిమెంటుతో మూస్తారు. పైపుకి నూరేళ్ళ ఆయుష్షు ఉన్నా, దాన్ని పక్క పైపుతో పట్టి ఉంచేది ఆ చిటికెడు సిమెంటే. నేల కాస్త దిగినా సాగదు, వంగదు, చిట్లుతుంది. మా పెరట్లో సగం నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. ఏటా అదే కదలిక. దానికి తోడు ప్రతి ఆదివారం మేం బాత్‌రూములు కడిగిన యాసిడ్. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పైపు మెరుగుని ఏమీ చేయలేదు గానీ, సిమెంటులోని సున్నాన్ని తినేస్తుంది. శుభ్రంగా ఉండాలని మేం పోసినదే 40 ఏళ్ళ పాటు మా అతుకుల్ని కరిగించింది. ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

ఆ చిట్లిన సందుల్లోకి ఆకాశమల్లె వేళ్ళు దూరాయి. నాన్న స్వయంగా నాటిన చెట్టు. దాని పూలు పొద్దున్నే ఏరుకుని ఆడుకుంటూ పెరిగాం. వెంట్రుక మందాన లోపలికి వెళ్ళిన వేరు, ఆ తడికీ ఎరువుకీ లోపల విస్తరించి, రెండు పైపుల నిండా అల్లుకుపోయింది. మేస్త్రీ లాగితే నాలుగడుగుల సవరంలా బయటికి వచ్చింది. ఇంకో చోట కారిన నీళ్ళు మట్టిని కోసేశాయి, ఆ గుల్లలో పందికొక్కులు బొరియ చేశాయి. హాలు నేల కింద నా చెయ్యి భుజం దాకా పట్టేంత బోలు. అక్కడే మేం నాలుగడుగుల టైల్ పరవబోతున్నాం.

తవ్విన తర్వాత మేస్త్రీ ఇంకో పరీక్ష చూపించాడు. అమ్మ అద్దం అడిగి తీసుకుని ఒక కొసన ఏటవాలుగా పట్టుకున్నాడు. రెండో కొసన కూలీ కుర్రాడు సెల్‌ఫోన్ లైటు వేశాడు. పైపు తిన్నగా ఉంటే అద్దంలో నిండు చందమామలా గుండ్రటి వెలుగు కనబడాలి. అద్దం, దీపం పెట్టి మోరి చూడడం పాత ఇంజనీర్ల పద్ధతేనట. మాకు కనబడింది నెలవంక. మధ్యలో నాలుగైదు పైపులు పొట్ట దిగాయి. ఆ పల్లంలో మురుగు ఎప్పుడూ నిలిచే ఉంటుంది. ప్రతి నాలుగు నెలలకీ ఎందుకు జామ్ అయ్యేదో అప్పటికి గానీ అర్థం కాలేదు.

ఇక్కడ నేను ఇన్నాళ్ళూ ఎక్కడా చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. జామ్ అయినప్పుడల్లా నాన్న ఒకతన్ని పిలిపించేవారు. వెదురు బద్దలు భుజాన వేసుకుని వచ్చేవాడు. బద్దతో కాకపోతే చొక్కా విప్పి, చాంబర్ పక్కన బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టేవాడు. మా ఇంటి మలంలో. మేం పిల్లలం ముక్కు మూసుకుని కిటికీలోంచి చూసేవాళ్ళం. పని అయ్యాక అమ్మ పై నుంచి చేతులమీద నీళ్ళు పోసేది. ఇరవై ఏళ్ళు మా ఇంటికి వచ్చాడు. అతని పేరు ఏమిటో మాలో ఒక్కరికీ తెలియదు.

ఇలా మనిషి చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మురుగు గుంతల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. పాకీ పని పోవాలని జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్‌కి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. చప్పట్లు కొట్టాం. కానీ మన ఇంటి చాంబర్ జామ్ అయితే ఇప్పటికీ ఫోన్‌లో వెతికేది "మనిషి ఎవరైనా దొరుకుతాడా" అనే. మోరి పైపు మార్చడం నాకు ఇంటి అందానికో, ఇంటి రేటుకో సంబంధించిన విషయంగా ఇప్పుడు అనిపించడం లేదు. సరైన వాలుతో, అతుకులు కారకుండా వేసిన పైపు ఉంటే, మన ఇంటి దగ్గర ఇంకొకరు బోర్లా పడుకోవాల్సిన రోజు రాదు. ఒక్కొక్క ఇంటివాళ్ళుగా మన చేతిలో ఉన్నది అంతే, కానీ అది మన చేతిలో ఉంది.

ఇది చెబితే చుట్టాల్లో ఎక్కువమంది అన్నమాట ఒకటే: "నలభై ఏళ్ళు పనిచేసింది కదా, ఇంకో పదేళ్ళు పనిచేయదా?" పనిచేయలేదండీ, అదే నేను చెప్పేది. నీళ్ళు పోతున్నాయి కాబట్టి పనిచేస్తోందనుకున్నాం. పోతున్నది పునాదిలోకి. మా సంపు ఆ పైపుకి ఐదడుగుల దూరంలో ఉంది, ఇటుక కట్టుబడి. నల్లా పైపు అదే కందకంలో, మోరికి జానెడు పైన. మా వీధిలో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. నీళ్ళు రాని వేళ నల్లా పైపులో ఒత్తిడి ఉండదు, ఎక్కడైనా చిన్న చిల్లు ఉంటే చుట్టూ ఉన్న తడిని లోపలికి లాగేసుకుంటుంది. మా ఇంట్లో ఏటా వానాకాలం ఎవరో ఒకరికి విరేచనాలు పట్టుకునేవి. బయటి తిండి తిన్నారని పిల్లల్ని తిట్టేవాళ్ళం. పైపే కారణమని రుజువు చేయలేను. కానీ ఆ కందకాన్ని కళ్ళతో చూశాక పిల్లల్ని తిట్టినందుకు సిగ్గుపడ్డాను.

ఖర్చు సంగతి. తవ్వడం, పైపులు, మూడు కొత్త చాంబర్లు, పూడ్చడం అన్నీ కలిపి మా మొత్తం రిపేరు ఖర్చులో పదో వంతు కూడా కాలేదు. అదే పని టైల్స్ వేసిన తర్వాత అయితే టైల్స్, కూలీ, దుమ్ము, ఇల్లు ఖాళీ చేయడం, టెన్షన్ అన్నీ రెండోసారి. డబ్బు సరిపోకపోతే వంటింటి అరలు వచ్చే ఏడాది చేయించుకోవచ్చు. చెక్క అరలు ఎప్పుడైనా బిగించుకోవచ్చు, నేల ఒక్కసారే తెరుచుకుంటుంది.

అయితే మట్టి పైపు తీసి పీవీసీ వేస్తే సమస్య తీరిపోయిందనుకునేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. పైపు మారి, వేసే తీరు మారకపోతే, మళ్ళీ పదేళ్ళకి తవ్వుకోవాలి. పీవీసీతో పెద్ద లాభం పొడవు. ఆరు మీటర్ల పైపులు రెండు, చిన్న ముక్క ఒకటి వేస్తే మా 40 అడుగులూ అయిపోతాయి. ఇరవై అతుకుల చోట మూడు నాలుగు. బయట భూమిలో రబ్బరు రింగు వేసి బిగించే రకం తీసుకున్నాం. నేల కాస్త కదిలినా ఆ రింగు సర్దుకుంటుంది, సిమెంటులా చిట్లదు. కానీ దుకాణం నుంచి ముందు వచ్చినవి బూడిద రంగు పలచటి పైపులు. డాబామీది వాన నీళ్ళు దించడానికి వాడేవి. వాటిమీద ఐఎస్ 13592, టైప్ ఏ అని అచ్చు వేసి ఉంది. ఐఎస్ అంటే ఇండియన్ స్టాండర్డ్, మన దేశ నాణ్యతా ప్రమాణం. ఆ ప్రమాణంలోనే టైప్ ఏ గాలి గొట్టాలకీ వాననీళ్ళకీ, టైప్ బీ మురుగుకి. అది కూడా ఇంటి గోడల వెంట దిగే పైపులకి. భూమిలో పాతిపెట్టే మురుగు పైపుకి వేరే ప్రమాణం ఉంది, ఐఎస్ 15328. దానిమీద ఎస్ఎన్ 4, ఎస్ఎన్ 8 అని ఉంటుంది. పైన మట్టి, బరువు పడితే ఎంత వరకు నలగకుండా ఉంటుందో చెప్పే అంకె అది. కారు ఎక్కే చోట ఎక్కువ అంకెది వేయించాం. పైపుల్ని వెనక్కి పంపితే ప్లంబర్ నొచ్చుకున్నాడు. ఫర్వాలేదు. పైపుమీద అచ్చు చదవడం ఇంటివాళ్ళ హక్కు.

రెండో సంగతి పరుపు. మట్టి పైపు గట్టిది, పీవీసీ మెత్తనిది. కందకంలో రాళ్ళమీద పెట్టి, పైన అవే రాళ్ళు, ఇటుక ముక్కలు వేసి పూడిస్తే అది కోడిగుడ్డులా నొక్కుకుపోతుంది. అడుగున నాలుగు అంగుళాల ఇసుక, పక్కల ఇసుక, పైన కూడా ఇసుక వేసి, ఆ తర్వాతే తవ్విన మట్టి. సాయంత్రం ఐదింటికి కూలీలు ఇళ్ళకి వెళ్ళే తొందరలో ఉంటారు. అప్పుడు ఎవరో ఒకరు పక్కన నిలబడాలి. నేను ఆఫీసుకి రెండు రోజులు సెలవు పెట్టి నిలబడ్డాను. టైల్స్ వేసే రోజున సెలవు పెట్టలేదు.

మూడోది వాలు. నాలుగు అంగుళాల పైపుకి నలభై అడుగులకి ఒక అడుగు, ఆరు అంగుళాల పైపుకి అరవై అడుగులకి ఒక అడుగు. ఎప్పటినుంచో ఉన్న లెక్క. తక్కువైతే నిలుస్తుంది. మరీ ఎక్కువైతే నీళ్ళు పరుగెత్తిపోయి గట్టి పదార్థం వెనక మిగిలిపోతుందని మేస్త్రీలు అంటారు. మేస్త్రీ లెవెల్ ట్యూబులో నీళ్ళు పోసి, ప్రతి పదడుగులకీ మూడేసి అంగుళాలు దింపుకుంటూ దారం కట్టాడు. మలుపు ఉన్నచోట చాంబర్ పెట్టాడు. నిలువుగా విరిగినట్టుండే మూల మలుపు ఎక్కడా వేయలేదు.

వాలు దగ్గరే వాస్తు వచ్చింది. మా పెదనాన్నగారికి వాస్తులో పట్టు ఉంది, మామీద ప్రేమా ఉంది. మోరి ఈశాన్యం వైపు నుంచి వెళ్ళకూడదు, దారి మార్చండి అన్నారు. మార్చాలంటే ఇంటిని చుట్టి 70 అడుగులు, రెండు మలుపులు. వీధిలో మెయిన్ లైన్ ఎత్తు మన చేతిలో లేదు కాబట్టి ఆ పొడవుకి తగిన వాలు దొరకదు. కాగితంమీద బొమ్మ గీసి, అంగుళాలు వేసి ఆయనకి చూపించాను. చాలాసేపు చూసి, "నీళ్ళు నిలిచే ఇంట్లో లక్ష్మి నిలవదులే అమ్మా, నువ్వన్నట్టే కానీ" అన్నారు. పెద్దవాళ్ళతో ఇలాంటి చోట గొడవపడడం కంటే లెక్క చూపించడం మేలని నాకు అనుభవమైంది.

తవ్వినప్పుడే ఇంకో తప్పు బయటపడింది. డాబామీది వాన నీళ్ళ పైపుని ఎప్పుడో మోరి చాంబర్‌లో కలిపేశారు. మా వీధిలో చాలా ఇళ్ళది అదే కథ. వాన పడగానే వీధి మ్యాన్‌హోళ్ళు పొంగి మోకాలి లోతు మురుగు పారుతుంటే నగరంలో నీళ్ళూ మురుగూ చూసే జలమండలిని తిట్టుకుంటాం. ఆ పైపులు మలం, స్నానాల నీళ్ళకి వేసినవి, మన డాబాల వానకి కాదు. మేం దాన్ని విడదీసి ఇంకుడు గుంతలోకి తిప్పాం.

గేటు బయట, రోడ్డు కింద, వీధి మెయిన్ దాకా ఉన్న ముక్క ఇంకా మట్టి పైపే. దాన్ని ముట్టుకోవాలంటే రోడ్డు తవ్వడానికి అనుమతి కావాలి. మేస్త్రీ అద్దం పెట్టి చూస్తే అది తిన్నగానే ఉంది, నీళ్ళు నింపితే గీత దిగలేదు. అలాగే వదిలేశాం. బాగున్న మట్టి పైపుని, మట్టిది కాబట్టి పీకేయాలని నేను అనను. పరీక్ష పెట్టండి. అది చెప్పినట్టు చేయండి.

పూడ్చే ముందు కొత్త లైనుకి కూడా అదే పరీక్ష పెట్టాం. గోనెసంచి, నీళ్ళు, ఇటుకతో గీత. రాత్రంతా ఉంచాం. తెల్లారి అమ్మ నాకంటే ముందు లేచి, మూత తీసి చూసి వచ్చింది. "గీత మీదే ఉన్నాయే" అంది, పాలు పొంగినంత సంతోషంగా.

హాలు గోడని ఈసారి గీకి, రంగు వేయకుండా ఒక ఎండాకాలం వదిలేశాం. దానంతట అదే ఆరింది. ఆకాశమల్లెని కొట్టలేదు. కొత్త లైను దాని నుంచి వీలైనంత దూరంగా జరిపాం.

ఒక పని మాత్రం నాన్న చేయనిది నేను చేశాను. పూడ్చక ముందు కందకం పొడవునా టేపు పరిచి ఫోటోలు తీశాను. ఎక్కడ మలుపు, ఎక్కడ అతుకు, గోడ నుంచి ఎన్ని అడుగులు, ఎంత లోతు, నల్లా పైపు ఎటు, అన్నీ తెల్లకాగితంమీద గీసి అంకెలు వేశాను. ఇంటి కాగితాల ఫైలులో, సేల్ డీడ్ వెనకాలే పెట్టాను. మా అబ్బాయికి ఎక్కడుందో చూపించాను.